వినుటతో ఆరంభమగు నాయకత్వము

మీ యెదుట 12 మంది యువతీయువకులు అర్ధవృత్తముగా కూర్చుండియున్నారని తలపుడు. 22 మొదలు 26 ఏండ్ల వరకు వయస్సుగల వీరు విశ్వవిద్యాలయపు మెట్లు దిగి ఎంతో కాలము కాలేదు. బోస్టనులోనో, బ్రూక్లినులోనో, షికాగోలోనో ఒక యూదు సంస్థ వీరిని ఒక్క సంవత్సరముపాటు మీ చేతిలో పెట్టి, సామాజిక న్యాయమునకై పాటుపడు నాయకులుగా తీర్చిదిద్దుమని కోరినది. వీరి హృదయములు ఆర్ద్రములు, సంకల్పములు దృఢములు. పీడనమనగా నేమో అవ్వతాతల నోట విని పెరిగినవారగుటచే అన్యాయము కంటబడిన వెంటనే వీరి నెత్తురు ఉడుకును. నగరమందలి బీదల గృహసమస్యను గూర్చి వీరిలో ఎవరిని నిలువబెట్టినను గంటసేపు అనర్గళముగా ఉపన్యసింపగలరు. కాని మీ శిక్షణాలయమున్న వీధిలోనే, మూడవ అంతస్తున, ఎన్నో యేండ్లుగా అద్దెకున్న వృద్ధురాలి పేరేమని అడిగితిరా, ఒక్కరును తలయెత్తరు.

ఇప్పుడు మీరేమి చేయుదురు? మరికొన్ని పుస్తకములు చదివింతురా? మరియొక పండితుని పిలిపించి మరియొక ఉపన్యాసము చేయింతురా? పెక్కుమంది శిక్షకులు చేయునది అదియే. ఏడాది చివర ఆ యువజనులు వచ్చిననాటికంటె మిన్నగా మాటలాడగలవారై వెళ్లుదురు. ఆ వృద్ధురాలి గది మాత్రము వెనుకటివలెనే చలిగానుండును.

న్యాయమునకై పనిచేయు నాయకుని ప్రథమ విద్య వినికిడి యని నా దృఢవిశ్వాసము. ఎదుటివాని నోట మాట వచ్చునట్లు చేయగలిగినవాడే తుదకు నలుగురిని కూర్చగలడు. ఇది అమెరికా యూదుల చరిత్రయందే స్పష్టముగా కనబడుచున్నది గనుక, సోపానములను చెప్పుటకు ముందు ఒక పూర్వకథను మీ ముందుంచెదను. మీ శిష్యులకును దీనితోనే పాఠము మొదలిడుడు.

1909 నవంబరు 22 రాత్రి న్యూయార్కులోని కూపర్ యూనియన్ సభాశాలలో వేలకొలది కుట్టుపనివారు కిక్కిరిసియుండిరి. వారిలో అధికసంఖ్యాకులు తూర్పు యూరపునుండి వలసవచ్చిన యూదు కన్యలు. రెండు గంటలసేపు పెద్దలు ఒకరి వెంట నొకరు లేచి ఉపన్యసించిరి. జాగ్రత్త, జాగ్రత్తయని హెచ్చరించిరే గాని సమ్మె కట్టుదమా మానుదమా యనుట ఒక్కరును తేల్చలేదు. అప్పుడు క్లారా లెమ్లిక్ అను 23 ఏండ్ల యువతి మాటలాడుటకు అనుజ్ఞ కోరి, వేదిక నెక్కి, తమ యింటి భాషయగు యిద్దిష్‌లో ముక్తసరిగా సమ్మె తీర్మానమును ప్రతిపాదించెను. సభ యావత్తు ఆమె వెంట నిలిచెను. కొలది దినములలో సుమారు 20,000 మంది యంత్రములు విడిచి వీధిలోనికి వచ్చిరి.

ఈ కథ చెప్పువారందరును ఆ క్షణముననే ఆగిపోవుదురు. మీరు ఆగకుడు. 1906 నాటికే లెమ్లిక్ తోటి పనికత్తెలతో కలిసి రవికెలు కుట్టువారి సంఘమును స్థాపించియుండెను. ఒక కార్మికశాలనుండి మరియొక కార్మికశాలకు పోయి, భోజనవిరామమునను దారిలోను ఒక్కొక్క పిల్లతో మాటలాడుచుండెను. 1909 శరత్కాలమున కూలికి కుదిర్చిన రౌడీలచే దెబ్బలు తిని ఆమె పక్కటెముకలు విరిగియుండెను. ఆ సభలోని కన్యలు లేచి నిలిచినది వాక్చాతుర్యమునకు గాదు. తమకు తెలిసిన మనిషి మాటకు. శిక్షణకు వచ్చు ప్రతి యువతియు ఆ రాత్రి క్లారా కాదలచును. అంతకుముందు మూడేండ్ల క్లారా కాదలచువారు అరుదు. మీ యొక్క సంవత్సరపు పని యంతయు ఈ రెండవ కోరికను పుట్టించుటయే.

ఇంకొక సంగతిని కూడ దాచకుడు. సంఘపు సభలు యిద్దిష్‌లో జరిగెడివి. వారి కుట్టుబల్లలయొద్దనే ప్రక్కప్రక్కన కుట్టుచున్న ఇటలీ కన్యలకు ఆ భాష రాదు. సమ్మెలో చేరినవారిలో వారి సంఖ్య తక్కువ. 1910 ఫిబ్రవరిలో సమ్మె ముగిసినపుడు ట్రయాంగిల్ అను రవికెల కార్మికశాల యజమానులు సంఘమును గుర్తింపనే లేదు. 1911 మార్చి 25వ తేదీన ఆ కార్మికశాలలోనే నిప్పంటుకొని, ఒక తలుపు తాళము వేసియుండుటచే దారి లేక, 146 మంది ప్రాణములు కోల్పోయిరి. యూదు కన్యలును ఇటలీ కన్యలును ఒకే మంటలో పోయిరి. మన భాష రానివానితో మనమెట్లు మాటలాడుదుము? ఈ ప్రశ్నను పలకపై వ్రాసి, ఏడాది పొడుగునను చెరపకుండ నుంచుడు.

ఇక ఆచరణకు వత్తము.

1. దానమునకును న్యాయమునకును గల చుట్టరికమును మొదటి వారమే చూపుడు.

హీబ్రూలో దానమునకు వాడు ‘త్సెదకా’ అను మాట, న్యాయమను అర్థముగల ‘త్సెదెక్’ ధాతువునుండి పుట్టినది. ఇచ్చుట దయాగుణముచే చేయు ఉపకారము గాక, తీర్చవలసిన ఋణమను భావము ఆ మాటయందే కలదు. పొలము కోయునపుడు అంచులను కోయక బీదలకును పరదేశులకును విడువవలెనని లేవీయకాండము విధించుచున్నది. అది ఆసామి చేతితో పంచిపెట్టు భిక్ష కాదు, బీదవాడు తానే వచ్చి కోసికొను హక్కు. 12వ శతాబ్దమున మైమోనిడీస్ అను మహాపండితుడు దానమును ఎనిమిది మెట్లుగా విభజించి, అప్పిచ్చియో, భాగస్వామిని చేసికొనియో, పని చూపియో, మరల చేయిచాపవలసిన అవసరమే లేకుండ చేయుటను అన్నిటికంటె పైమెట్టున నిలిపెను.

దీనిని మీరు ఉపన్యాసముగా చెప్పకుడు. యూదుల పాఠశాలలలో తరతరములుగా వచ్చుచున్న ‘హెవ్రూతా’ పద్ధతి, అనగా ఇద్దరిద్దరుగా ఎదురెదురుగ కూర్చుండి పాఠమును బిగ్గరగా చదివి వాదించుకొను పద్ధతి, ఇందులకు మిక్కిలి తగినది. ప్రతి జంటయు గత మాసమున తాము ఇతరులకు చేసిన ఉపకారములను కాగితముపై వ్రాసి, ఒక్కొక్కదాని ప్రక్కన ‘ఇది ఎవరు నిర్ణయించిరి?’ అను ప్రశ్నకు జవాబు వ్రాయవలెను. ‘నేనే’ యను జవాబు ఎన్ని సారులు వచ్చినదో వారినే లెక్కింపనిండు. ఆ లెక్క చూచుకొని కొందరు చిన్నబుచ్చుకొందురు. అప్పుడు వారిని మందలింపక, ఈ తెలివి ఇంత చిన్నవయస్సుననే కలుగుట అదృష్టమని చెప్పుడు. అది నిజము కూడ.

2. వారమునకు ముగ్గురితో ముఖాముఖి సంభాషణ చేయింపుడు.

ఈ అధ్యాయమున మీరు ఒక్క విషయమునే జ్ఞాపకముంచుకొనదలచినచో ఇదియే కావలెను. ఒక సన్నివేశమును తీసికొందము.

బ్రూక్లినులో మీ శిష్యుడొకడు, మొదట చెప్పిన ఆ మూడవ అంతస్తు వృద్ధురాలి యింటికి వెళ్లెను. చేతిలో అద్దెదారుల హక్కుల కరపత్రము. అక్టోబరు 1 మొదలు మే 31 వరకు, పగటివేళ బయట 55 డిగ్రీలకు తగ్గినపుడు ఇంటిలోపల కనీసము 68 ఫారన్‌హీట్ డిగ్రీల వేడి యుండునట్లు యజమాని చూడవలెనని న్యూయార్కు నగరపు నిబంధన. దానిని వివరించుచు, గృహసమస్యకు మూలకారణములను వర్ణించుచు, అరగంట మాటలాడెను. ఆమె తలయూచెను, టీ ఇచ్చెను, సంతకము చేసెను. అద్దెదారుల సభకు మాత్రము రాలేదు. ఆ పిల్లవాడు మీయొద్దకు వచ్చి, “ఆమెకు ఆసక్తి లేదండీ” అని చెప్పెను.

మీరేమందురు? ‘మరియొక తలుపు తట్టుము’ అందురా? అట్లనుట సులభము గాని, ఆ మాటతో ఆ పిల్లవానికిని ఆ వృద్ధురాలికిని అన్యాయము చేసినవారగుదురు. వానిని తిరిగి అదే యింటికి పంపుడు. ఈ మారు చేతిలో కరపత్రము వలదు, నోటిలో రెండే రెండు ప్రశ్నలు: ఈ యింటికి ఎప్పుడు వచ్చితిరి? శీతకాలము ఎట్లు గడుచుచున్నది?

ఆమె కొంతసేపు మాటలాడలేదు. వాడును ఓపికపట్టి ఊరకుండెను. తరువాత ఆమె లేచి, వంటగది సొరుగులోనుండి నీలిరంగు అట్ట వేసిన నోటుపుస్తకమొకటి తెచ్చి ముందు పెట్టెను. నాలుగు శీతకాలములుగా ప్రతి ఉదయము గోడపై ఉష్ణమాపకమును చూచి, తేదీతో సహా పెన్సిలుతో వ్రాసియుంచినది: 59, 57, 58, 61, 56. కొన్ని తేదీల ప్రక్కన చిన్న చుక్కలు. అవి మనుమరాలు దగ్గుతో బడికి పోలేని దినములు. “నాయనా, నీవు పోయినసారి చెప్పిన 68 నాకు తెలియును. ఇన్నాళ్లకు ఈ పుస్తకము అడిగినవాడవు నీవే” అనెను.

సంభాషణకు కొన్ని నియమములు నేర్పుడు. అరగంటకు తగ్గకయు గంటకు మించకయు నుండవలెను. మూడింట రెండువంతుల కాలము ఎదుటివారిదే. ‘ఏమి జరిగినది’ అని అడిగి ఊరకుండక, ‘అది మిమ్మంతగా ఎందుకు బాధించినది’ అని అడుగవలెను. మౌనము వచ్చినపుడు మనస్సులో పదివరకు లెక్కించుకొనవలెనే గాని, తొందరపడి దానిని మాటలతో పూడ్చరాదు. ఎదుట కూర్చుండి కాగితముపై గీకరాదు. వెలుపలికి వచ్చి, మెట్లమీద కూర్చుండి, మరచిపోకముందే వ్రాసికొనవలెను. సెలవు తీసికొనునపుడు, ఇంకెవరితో మాటలాడుట మేలని వారినే అడుగవలెను. అట్లడిగిన మాటయే మరియొక యింటి తలుపు తెరచును.

3. తన కథను రెండు నిమిషములలో చెప్పుట నేర్పుడు.

వినుటకే పోయినవాడు తన్ను గూర్చి ఏమియు చెప్పకున్నచో ఎదుటివారికి అది విచారణవలె తోచును. మార్షల్ గాంజ్ అను ఆయన రబ్బీ, అనగా యూదు మతగురువు, కుమారుడు. 1964లో హార్వర్డు చదువును నడుమ విడిచి మిసిసిపీలో నల్లజాతి ప్రజల ఓటుహక్కు ఉద్యమమునకు పోయెను. ఆపైని 16 ఏండ్లు సీజర్ చావెజ్ నాయకత్వమున కాలిఫోర్నియా వ్యవసాయకూలీల సంఘమున పనిచేసి, ఎంతో కాలమునకు తిరిగివచ్చి పట్టము పుచ్చుకొని, హార్వర్డులోనే బోధకుడయ్యెను. ఆయన నేర్పు పద్ధతిలో నాయకుడు మూడు కథలను కలిపి చెప్పవలెను: నా కథ, మన కథ, ఇప్పటి కథ. హిల్లెల్ అను ప్రాచీనగురువు తన్ను గూర్చియు, ఇతరులను గూర్చియు, కాలమును గూర్చియు వేసిన మూడు ప్రశ్నలనుండి దీనిని గ్రహించినట్లు ఆయనయే చెప్పుచుండును.

ఇచ్చట సాధారణముగా దొరలు తప్పొకటి కలదు. యువజనులు తమ ముత్తాత పోలెండునుండి పారిపోయివచ్చిన వృత్తాంతముతో ఆరంభించి దానితోనే ముగింతురు. ఆ వృత్తాంతము పవిత్రమైనదే; కాని అందులో నిర్ణయము తీసికొన్నది ముత్తాత. “నీవు ఏ దినమున, ఏ గదిలో, ఏమి చేయవలెనని నిశ్చయించుకొంటివి?” అని అడుగుడు. జవాబు చిన్నదైనను ఫరవాలేదు. తరగతిలో తోటివానిని ఏడిపించుచుండగా తాను నోరు మెదపకపోయిన దినమైనను సరియే, ఎదుటివాడు దానిని నమ్మును.

4. కొండను రాళ్లుగా కొట్టించుడు.

దారిద్ర్యము సమస్య, మూడవ అంతస్తునకు వేడి రప్పించుట సాధింపదగిన కార్యము. ఎవరు ‘అవును’ అన్నచో ఈ పని జరుగును? ఆ మనిషి పేరేమి? వానికి ఎవరి మాటయందు గౌరవము, ఎవరివలన భయము? ఈ మూడింటికి జవాబు లేనిదే ఊరేగింపు తీయనీయకుడు.

5. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొననీయకుడు.

1965 మార్చి 21న అబ్రహాం జాషువా హెషెల్ అను రబ్బీ, నల్లజాతివారి ఓటుహక్కుకై మార్టిన్ లూథర్ కింగుతో కలిసి మొదటి వరుసలో సెల్మానుండి నడచిన ఛాయాచిత్రము ఎన్నో యూదు సంస్థల గోడలమీద కనబడును. వార్సాలో పుట్టి, నాజీల బారినుండి తప్పించుకొని వచ్చిన ఆ రబ్బీ నడక నిజముగా నమస్కరింపదగినది. అయితే 24 ఏండ్ల శిష్యునకు ఆ చిత్రము తానేమియు చేయకుండగనే వచ్చిన మెప్పుగా మారు ప్రమాదము కలదు.

దాని ప్రక్కనే మరియొక చరిత్రను చదివింపుడు. 1964 జూన్ 21న మిసిసిపీలో జేమ్స్ ఛేనీ, ఆండ్రూ గుడ్మన్, మైఖేల్ ష్వెర్నర్ అను, ఓటుహక్కు ఉద్యమమున పనిచేయుచున్న మువ్వురు యువకులు హత్యచేయబడిరి. ఛేనీ అచ్చటి నల్లజాతి బిడ్డడు, తక్కిన ఇరువురు న్యూయార్కునుండి వచ్చిన యూదులు. వారికై దేశమంతయు వెదకెను. ఆ వెదుకులాటలో, అంతకుముందెవరును అంతగా వెదకని మరి ఇద్దరు నల్లజాతి యువకుల దేహములు నీటిలో దొరికెను. ఈ పాఠమును చదివినపుడు గదిలో ఎవరును మాటలాడరు. మాటలాడించుటకు మీరును తొందరపడకుడు. ఎవరి ప్రాణము వార్తయగును, ఎవరిది కాదు అను ప్రశ్న వారి మనస్సులో తానుగా లేచువరకు ఆగుడు.

మరియొక మాట. యూదులనగా ఐరోపానుండి వచ్చిన తెల్లనివారే యను భ్రమ కూడ ఈ గదులలో అప్పుడప్పుడు కనబడును. ఇథియోపియా యూదులు, యెమెన్ యూదులు, బొంబాయి ప్రాంతపు బెనె ఇశ్రాయేలులు లేరా? మన గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున, మాదిగ కులమున పుట్టి, తాము ఎఫ్రాయిము గోత్రపు ఇశ్రాయేలీయులమని చెప్పుకొనుచు, తెలుగున మాటలాడుచు, విశ్రాంతిదినమును ఆచరించు బెనె ఎఫ్రాయిం సమాజము కలదు. కులముచే కలిగిన అవమానమును పుస్తకములో గాక వీధిలో చదివినవారు వారు. న్యాయమును గూర్చి బ్రూక్లిను గదిలో జరుగు చర్చకు వారి అనుభవము ఎంత అవసరమో మీరే ఊహింపుడు. శిక్షణకు వచ్చిన 12 మందిలో వేరు రూపుగలవారు ఒకరిద్దరున్నచో, ‘నీవు యూదుడవెట్లయితివి’ అని మొదటి దినముననే ప్రశ్నింపరాదని తక్కినవారికి ముందే చెప్పియుంచుడు.

6. భేదాభిప్రాయమునకు భయపడకుడు.

2023 అక్టోబరు 7 నాటి హమాసు దాడియు, దాని వెంట గాజాలో జరిగిన యుద్ధమును ఇట్టి యువజనబృందములను లోలోపల చీల్చినవి. ఒకే బల్లయొద్ద రొట్టె విరుచుకొన్నవారు మాటలు మానుకొన్నారు. ఆ విషయమును ఎత్తనే రాదని శాసించు శిక్షకులు కలరు. ఆ శాసనము వలన మాటలు గదినుండి నడవలోనికి పోవునే గాని ఆగిపోవు.

యూదుల ధర్మగ్రంథమగు తాల్ముదులో ఒక వృత్తాంతము కలదు. హిల్లెలు పాఠశాలకును షమ్మాయి పాఠశాలకును ఎడతెగని వాదము. తుదకు ఆచరణకు హిల్లెలువారి మతమే నిలిచెను. వారు వినయశీలురై, తమ వాదమునకు ముందు షమ్మాయివారి వాదమును చెప్పుచుండిరనుట అందులకు కారణములలో నొకటి. దీనినే నియమముగా పెట్టుడు. ఎవరైనను తన మాట చెప్పుటకు ముందు ఎదుటివాని మాటను చెప్పవలెను. ‘అవును, నేననినది ఇదియే’ అని ఎదుటివాడు ఒప్పుకొనువరకు తన వంతు రాదు. మొదటిసారి ఇది చాల కాలము పట్టును. కొందరు కన్నీరు పెట్టుకొందురు. ఏకాభిప్రాయమును ఆశింపకుడు, మరునాడు అందరును మరల ఆ గదికి వచ్చినచో మీ పని నెరవేరినట్లే.

7. వారు చేసికొనగల పనిని మీరు చేయకుడు.

షికాగో మాంసపు కార్మికశాలల వెనుకనున్న పేటలో 1939లో ప్రజాసంఘమును నిర్మించిన సాల్ అలిన్‌స్కీ పరంపరలోనివారు ఈ నియమమును ఉక్కునియమమందురు. ఇది చెప్పుటకు సులభము, పాటించుటకు కఠినము. ఏలయన చురుకైన యువకునకు ఇతరులు మెల్లగా చేయుట చూచుచు చేతులు కట్టుకొని నిలుచుటకంటె కష్టమైన పని లేదు.

మన బ్రూక్లిను పిల్లవాని కథనే ముగింతము. యజమాని ప్రతినిధిని పిలిచి అద్దెదారులు సభ పెట్టిన దినమున, వాడు రాత్రియంతయు మేలుకొని సిద్ధపరచుకొన్న ఉపన్యాసము జేబులోనే యుండిపోయెను. వృద్ధురాలు కళ్లజోడు సవరించుకొని నీలి అట్ట పుస్తకము తెరచి తేదీలు చదువసాగెను. జనవరి నెల చదువుట ముగియకముందే వెనుకవరుసలోనివారు తమ తమ తేదీలు చెప్పనారంభించిరి. వాడు గోడ ప్రక్కన నిలిచి, ఆలస్యముగా వచ్చినవారికి కుర్చీలు వేయుచుండెను.

సభ ముగిసిన వెంటనే, ఇండ్లకు పోకముందే, పావుగంట సమీక్ష జరుపవలెను. మొదటి ప్రశ్న: ఇప్పుడు మీ మనస్సెట్లున్నది? ఒక్కొక్కరు ఒక్క మాటలో చెప్పవలెను. తరువాత, ఎవరెవరు ఏ పని ఒప్పుకొనిరి, దానిని ఎట్లు చేసిరి? పొగడ్త గాని నింద గాని మోతాదు మించకుండ చూడుడు. ‘చాల బాగున్నది’ యను మాటవలన ఎవడును ఏమియు నేర్చుకొనడు. ‘నీవు రెండవసారి మాట కలిపినపుడు ఆమె ఆగిపోయెను’ అను మాటవలన నేర్చుకొనును.

8. శుక్రవారము సాయంకాలమున పని మాన్పించుడు.

ఈ మార్గమున ఆరంభశూరత్వము విస్తారము. సెప్టెంబరులో తెల్లవార్లు మేలుకొన్నవారు ఫిబ్రవరికి మంచము పట్టుదురు, లేదా చేదైన మాటలతో పని విడిచి పోవుదురు. లోకమందలి దుఃఖము తమ విశ్రాంతికై ఆగదని వారి వాదము. వాదింపకుడు, వారి పెద్దలు వేల ఏండ్లుగా వారమునకొక దినము పనిని నిలిపియే ఇన్ని కష్టములు దాటిరని జ్ఞాపకము చేయుడు. 1998లో న్యూయార్కున ఆరంభమైన ‘అవోదా’ అను సంస్థలో యువజనులు ఏడాదిపాటు ఒకే యింట కాపురముండి, పగలు దారిద్ర్యనిర్మూలన సంస్థలలో పనిచేయుచు, రాత్రులు కలిసి చదువుకొందురు. హీబ్రూలో ఆ పేరునకు పనియనియు ఆరాధనయనియు రెండర్థములు. అట్లు ఒకే కప్పు క్రింద నున్నవారికి విశ్రాంతిదినమును కలిసి ఆచరించుట సులభము. మీ బృందము వేరువేరు ఇండ్లలో నున్నచో, ఎవరో ఒకరి యింట శుక్రవారపు భోజనమునకు చేర్చుడు. మతాచారమునందు విశ్వాసము లేనివారిని ప్రార్థనకు నిర్బంధింపకుడు, వంటకు పిలువుడు.

సూర్యాస్తమయమునకు 18 నిమిషములకు ముందు దీపములు వెలిగింతురు. అంతకుముందే ఒక బుట్ట త్రిప్పి, అందరి ఫోనులును అందులో వేయించుడు. వృద్ధురాలి నోటుపుస్తకము, సమీక్షలు, సోమవారపు సభ, అన్నియు ఆ బుట్టతో పాటు అలమరలో నుండవలెను. రొట్టెలు రెండు, గిన్నెలు నిండుగా. మరునాటి రాత్రి ఆకాశమున మూడు చుక్కలు కనబడి విశ్రాంతిదినము ముగిసిన పిమ్మట అలమర తెరచి, ఎవరి ఫోను వారికిచ్చి, సోమవారపు సభకు తేదీలు చదువునది ఎవరో అప్పుడడుగుడు.